దీర్ఘం ఎక్కువైన సాంచె

మా బడి పిల్లలు స్టేజీ మీద వేయాల్సిన సాంచెల ఆటను సంచుల ఆట అని అచ్చువేసి, పన్నెండు మంది ఆడపిల్లల చేతికి పన్నెండు గోనె సంచులిచ్చి గ్రౌండులోకి తోలారు. ఇది తప్పు. ఆ తప్పు నాది కాదు. నేను రాసిచ్చిన కాగితం కార్బన్ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో దీర్ఘం ఉన్నది, ఎకారం ఉన్నది, మాట కింద గీత కూడా ఉన్నది.

ఇది జిల్లాలు విడిపోయిన రెండేళ్లకు, చలికాలంలో జరిగింది. అప్పుడు నేను సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి దారిలో ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో రికార్డ్ అసిస్టెంట్‌ను. ఈ ఉద్యోగం అటెండర్‌కు పైన, జూనియర్ అసిస్టెంట్‌కు కింద ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టరు, టీసీల ఫైలు, బడి ముద్ర నా బీరువాలో ఉండేవి. నేను ఏడో తరగతితో చదువు ఆపి సాంచెల షెడ్డులోకి పోయినవాణ్ణి. కరెంటుతో నడిచే మగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. షెడ్డులో సేటు చదివి పక్కన పడేసిన పేపరు తెచ్చుకుని, తెలియని మాటల కింద గీతలు గీసి, నిఘంటువులో వెతికి నేర్చుకున్నాను. పదో తరగతి ప్రైవేటుగా కట్టి, మూడో ప్రయత్నంలో పాసయ్యాను. ఆ తర్వాతే అటెండర్ పోస్టు వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా అక్షరం దిద్దే ముందు ఎవరైనా రెండుసార్లు ఆలోచించుకోవాలి.

బడిలో స్టేజీ పని కూడా నా మీదే పడేది. ఏ ఉత్తర్వులోనూ లేదు, పడిందంతే. పరదా కట్టడం, మైకుసెట్టు వాళ్లతో గొడవపడటం, పిల్లలను వరుసలో నిలబెట్టడం నా వంతు. స్టేజీ మీద వేసే ప్రతిదాన్నీ మేము ఐటం అంటాం. ఏది ముందు, ఏది తర్వాత అని రాసుకునే కాగితం ఐటం షీటు. వార్షికోత్సవం దగ్గరపడితే టీచర్లు నా బీరువా దగ్గరికి వచ్చి, "కనకన్నా, ఈసారి ఏం ఐటం ఏద్దాం చెప్పు" అనేవారు. చెప్తే వినేవారు కాదు. చివరికి ఒక సినిమా పాట, ఒక దేశభక్తి పాట, ప్లాస్టిక్ వద్దని ఒక మూకాభినయం, తాగుబోతు తండ్రి ఏడ్చే ఒక నాటిక. ఆ తాగుబోతు వేషం ఏటా ఒకే పిల్లగాడు వేసేవాడు. పదో తరగతి పాసై వెళ్లిపోతే వాడి తమ్ముడు వేశాడు.

నాకు ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. దాంట్లో ఐటంల ఆలోచనలు రాసుకునేవాణ్ణి. నా లెక్క ఒకటే. పిల్లల కాళ్లకూ చేతులకూ ముందే తెలిసిన పనిని స్టేజీ ఎక్కించాలి. అప్పుడు నెల రోజుల రిహార్సల్ అక్కర్లేదు, వారం చాలు. ఉదాహరణకు హాజరు పిలుపు. టీచర్ పేరు పిలుస్తుంటే ఒక్కో పిల్ల తన ఇంట్లో పని చేసేవాళ్ల గొంతుతో పలకాలి, కండక్టర్ బిడ్డ కండక్టర్‌లా, కూరగాయలమ్మే ఆమె బిడ్డ ఆమెలా. ఇంకొకటి దుబాయి ఫోన్. స్టేజీ మీద అమ్మ, నానమ్మ, ఇద్దరు పిల్లలు ఒక్క ఫోన్ చుట్టూ కూర్చుంటారు. అవతలి నాన్న మాట మనకు వినపడదు, వీళ్ల జవాబులను బట్టే ఆయన ఏమన్నాడో తెలియాలి. లేని తాడిచెట్టు అనే దాన్ని ఒకసారి వేయించాను కూడా. ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చి చేరిన గౌడుల పిల్లవాడొకడు, వాళ్ల నాన్న ఎక్కినట్టే, ఏమీ లేనిచోట మోకు కట్టుకుని ఎక్కాడు. రెండు నిమిషాలకు ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులందరూ తలలెత్తి పైకి చూస్తున్నారు. పైన పందిరి గుడ్డ తప్ప ఏమీ లేదు.

అయినా మరుసటి ఏడు మళ్లీ సినిమా పాటే. "పాట లేకుంటే ఎవలు చూస్తరు కనకన్నా" అని.

ఆ ఏడు మాత్రం నా మాట నెగ్గింది. పాత జిల్లా బడులన్నిటినీ కలిపి జగిత్యాలలో ఒక కమిటీ పిల్లల పండుగ పెట్టింది. మా హెడ్మాస్టర్ సర్క్యులర్ చదివి, సినిమా పాటలు నిషిద్ధం అని ఉన్న లైను దగ్గర ఆగి, నన్ను పిలిపించాడు. "కనకయ్యా, నీ బుక్కు తెచ్చుకో" అన్నాడు. నేను తెచ్చుకునే పోయాను.

సాంచెల ఆట ఇట్లా ఉంటుంది. పది మంది పిల్లలు అయిదుగురు చొప్పున రెండు వరుసలు. వాళ్లు పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు. ఒక వరుస లేస్తే ఇంకొకటి కూర్చుంటుంది. ఆ సందులోంచి ఒక పిల్ల అటూ ఇటూ దూసుకుపోతుంది. ఆమె నాడె, అడ్డం దారాన్ని మోసుకుపోయేది. పన్నెండో పిల్ల కార్మికురాలు, పక్కన నిలబడి చూస్తుంటుంది. పాట లేదు, కాళ్ల చప్పుడే. చప్పుడు పెరిగి పెరిగి మంచి జోరు మీద ఉన్నప్పుడు దారం తెగుతుంది. అందరూ ఉన్నచోటనే ఆగిపోతారు. సిరిసిల్ల పిల్లలు చప్పుడులో నిద్రపోతారు, చప్పుడు ఆగితే లేచి కూర్చుంటారు. అది మా ఊళ్లో ఎవరికైనా తెలుసు. ఆ ఆగడమే నా ఐటంకు ప్రాణం. పది లెక్కపెట్టేంతసేపు ఎవరూ కదలకూడదు. తర్వాత కార్మికురాలు ముడివేస్తుంది, మళ్లీ నడుస్తుంది.

నాడె వేషం రవళికి ఇచ్చాం. పదో తరగతి, బక్కపిల్ల, నోరు మాత్రం పెద్దది. వాళ్లమ్మ కండెలు చుట్టే పనికి పోయేది. కండె అంటే నాడెలో పెట్టే దారపు చుట్ట. "మా అమ్మ సుట్టేది కండె, నేను దాన్ని మోసుకోని ఉరికే నాడెనా సార్? ఇంట్ల గూడ గంతేనాయె" అని నవ్వేది. బడిలో ఆమెకు అదే ఆఖరు ఏడు. అంతకుముందు ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. బక్కగా ఉందని పాటల ఐటంలలో వెనక వరుసకు కూడా తీసుకోలేదట. వాళ్లమ్మ వాడకట్టంతా చెప్పుకున్నది, మా బిడ్డ సాంచెల ఆటల నాడె అని.

ముందు కోరుట్లలో సెలెక్షన్ జరిగింది. ఇద్దరు జడ్జీలు. ఒకాయన "పాటేది?" అన్నాడు. "చప్పుడే సార్" అన్నాను. ఆగిన చోట ఆయన పెన్ను కూడా ఆగింది. సెలెక్ట్ చేసి, ఎంట్రీ ఫారం నింపమన్నారు. ఐటం పేరు దగ్గర "సాంచెల ఆట" అని రాశాను. రకం అన్న గడిలో "ఆట" అని, కావలసిన సామగ్రి అన్న గడిలో "ఏమీ లేదు" అని రాశాను. గైడ్ టీచర్ గడిలో మా హిందీ టీచర్ షాహెదా మేడం సంతకం పెట్టింది, ఎందుకంటే రికార్డ్ అసిస్టెంట్ ఆ గడిలో సంతకం పెట్టే హోదా ఉన్నవాడు కాడు. నాకు దాని మీద అభ్యంతరం ఉన్నది గానీ అది వేరే సంగతి.

ఆ ఫారాలన్నీ టైపు కోసం జగిత్యాల పోయాయి. అక్కడి వాళ్ల తప్పును అర్థం చేసుకోవాలంటే అక్కడి మార్కెట్టు చూడాలి. పసుపు సంచుల్లో వస్తుంది, వడ్లు సంచుల్లో వస్తాయి, మామిడి కాలంలోనూ అంతే. టైపు చేసే ఆయనకు "సాంచెల ఆట" అని కనబడితే, ఎవరో చదువురాని మనిషి సంచికి దీర్ఘమిచ్చాడనుకున్నాడు. పక్క గడిలో రకం "ఆట" అని ఉంది. డ్యాన్సును మేము ఆట అంటాం, ఆయన పరుగు పందెం అనుకున్నాడు. సామగ్రి ఏమీ లేదని ఉంది కాబట్టి, పాపం పేద బడి, సంచులు మనమే పెడదాం అనుకున్నారు. ఇంత దయగా చేసిన తప్పును నేను నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

పండుగ రోజు ఆర్టీసీ బస్సులో పోయాం. నేను, షాహెదా మేడం, పన్నెండు మంది. హెడ్మాస్టర్ ఏదో ట్రైనింగులో ఉన్నాడు. ఫంక్షన్ హాలు గోడకు ఐటం షీటు అంటించి ఉంది. రవళి వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది, మళ్లీ కిందినుంచి పైకి చదివింది.

"సార్, మనం లేం."

అప్పుడే బ్యాడ్జీ పెట్టుకున్న కన్వీనర్ వచ్చాడు. ఏదో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ అట. మర్యాద గల మనిషే. "పెద్దాయనా, సిరిసిల్లోళ్లేనా? మీది సంచుల ఆట గద, గ్రౌండ్లకు పోండ్రి. సంచులు గూడ పెట్టిచ్చినం" అన్నాడు.

సంచుల ఆట కాదు, సాంచెల ఆట అన్నాను.

"గదే గద. మీరు దీర్ఘం ఎక్కువ వెట్టిండ్రు. మేం సరిజేసినం."

ఆ మాట నాకు ఈ రోజుకూ నిద్రలో వినపడుతుంది. షాహెదా మేడం ముందుకు వచ్చింది. ఆమె కోపమొస్తే రెండు భాషల్లో మాట్లాడుతుంది. "అరే సాబ్, సాంచా అంటే మగ్గం. మగ్గాల పనికి భీవండి పోయొచ్చినోళ్లు తెచ్చిన మాట అది. మా సిరిసిల్లల రోడ్డు మీద పోయేటోన్ని అడుగుండ్రి, చెప్తడు."

"ఇది జగిత్యాల మేడం" అన్నాడాయన.

తర్వాత తన నిబంధన చెప్పాడు. అచ్చయిన ఐటం షీటులో లేనిది స్టేజీ ఎక్కదు. మార్పు కావాలంటే హెడ్మాస్టర్ సంతకం, ముద్రతో బడి లెటర్‌హెడ్ మీద రాసివ్వాలి. ఏ షీటులో పేరుంటే అక్కడ హాజరు కాకపోతే గైర్హాజరు కింద రాస్తారు, అప్పుడు పిల్లలకు సర్టిఫికెట్ కూడా ఉండదు. హెడ్మాస్టర్‌కు ఫోన్ చేశాం. స్విచాఫ్. లెటర్‌హెడ్ కాగితాలు రెండు, బడి ముద్ర, ఇంకు ప్యాడు నా చేతిసంచిలోనే ఉన్నాయి. ఆయన సంతకం నేను కళ్లు మూసుకుని పెట్టగలను, అన్నేళ్లు చూశాను. షాహెదా మేడం నా సంచి వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. "వద్దన్నా" అంది. నేనూ అదే అనబోయాను. సంతకం లేని కాగితం మీద ముద్ర వేయడం నా సర్వీసులో ఎన్నడూ లేదు.

పిల్లలు గోడ దగ్గర నిలబడ్డారు. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. రవళి ఏడవలేదు. సంచుల కుప్ప దగ్గరికి పోయి, ఒకటి దులిపి, లోపలికి దిగి, అంచులు పట్టుకుని ఒక్క దుముకు దుమికింది. గట్టి నేల. దబ్బుమన్నది. మళ్లీ దుమికింది.

"సార్, సప్పుడు ఇనుండ్రి. స్టేజీ చెక్కల కన్న మంచిగున్నది."

"అయితే?"

"అయితె ఏంది సార్, సాంచె ఈడ్నే పెడదాం. ఉరుకుమంటె మేం ఉరుకం, గంతే."

షాహెదా మేడం నవ్వాపుకోలేకపోయింది. అయిదు నిమిషాల్లో మొత్తం మార్చేశారు. పడుగు పిల్లలు పదిమంది సంచుల్లోకి దిగారు. కూర్చుని లేచే బదులు ఒక వరుస దుమికినప్పుడు ఇంకొకటి ఆగాలి. రవళి తన సంచిని నడుముకు కట్టి వెనక వేలాడదీసుకుంది, నాడె వెంట పోయే దారంలా. కార్మికురాలు పక్కన కూర్చుంది, ఆమె సంచి ఒడిలో బట్ట అయింది.

మాకు ఎడమ పక్క ముగ్గురు, కుడి పక్క నలుగురు వేరే బడుల పిల్లలు నిజంగా పందానికి వచ్చినవాళ్లు. వ్యాయామ ఉపాధ్యాయుడు విజిల్ వేశాడు. వాళ్లు గంతులేస్తూ పోయారు. మావాళ్లు ఉన్నచోటనే మొదలుపెట్టారు. దబ్, దబ్, దబ్, దబ్. మధ్యలో రవళి. మైకులో ఉన్నాయన కంగారుపడ్డాడు. "సిరిసిల్ల పిల్లలూ, ఉరకాలె! ముందటికి, ముందటికి! అరే, ఆ పిల్ల అడ్డం ఉరుకుతుందేందిరా!"

గెలిచిన పిల్ల గీత దాటి వెనక్కి చూస్తే ఎవరూ ఆమెను చూడటం లేదు. హాలు కిటికీల్లో తలలు కనబడ్డాయి. మెట్ల మీదికి జనం వచ్చారు. చప్పుడు జోరు మీదికి వచ్చింది, ఎర్ర దుమ్ము లేచింది, అప్పుడు దారం తెగింది. పన్నెండు మంది ఆగిపోయారు.

"అలిసిపోయిండ్రు పాపం" అన్నాడు మైకు ఆయన. ఆ తర్వాత ఆయన కూడా ఆగిపోయాడు. హాలులో ఎవరి పాటో నడుస్తున్నట్టు అప్పుడు వినపడింది. నేను లోపల లెక్కపెడుతున్నాను. పదికి కార్మికురాలు లేచి, రవళి నడుము దగ్గర సంచికి ముడివేసింది. మళ్లీ దబ్‌మన్నది. మెట్ల మీది నుంచి ఎవరో "సాంచె నడిసింది రా!" అని అరిచారు. జగిత్యాలలోనూ ఆ మాట తెలిసినవాడు ఉన్నాడన్నమాట. టైపు దగ్గర లేడు, అంతే.

కన్వీనర్ చివరిదాకా నిలబడి చూశాడు. చప్పట్లు కూడా కొట్టాడు. కానీ ఫలితాల షీటు వ్యాయామ ఉపాధ్యాయుడి చేతిలో ఉంది. ఆయన నిజాయితీపరుడు. "సంచుల ఆట, సిరిసిల్ల, ముగింపు గీత దాటలేదు" అని రాశాడు. పిల్లలకు ఇచ్చిన సర్టిఫికెట్లలోనూ సంచుల ఆటలో పాల్గొన్నందుకు అని ఉంది.

తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడారు. కొడిమ్యాల దాటాక రవళి తన కాగితం తీసుకుని నా సీటు దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది మా అమ్మకు సూపెడితె, జగిత్యాల పోయి సంచులు మోసినవా బిడ్డా అంటది. పేరు దిద్దిచ్చి ఇయ్యుండ్రి సార్."

ఇస్తానన్నాను. వెనక సీటు మీద గోనె సంచులు పన్నెండు మడతపెట్టి ఉండటం అప్పుడు చూశాను. బడిలో మళ్లీ ఇట్లాగే ఆడతారట. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మరుసటి వారమే మొదటి దరఖాస్తు పంపాను. దరఖాస్తుదారు గైడ్ టీచర్ కాదు అని తిప్పి పంపారు. రెండోది షాహెదా మేడం సంతకంతో, హెడ్మాస్టర్ ద్వారా పోయింది. అసలు ఫారం కోరుట్లలో ఉందని రాశారు. కోరుట్ల పోయి అడిగితే జగిత్యాల పంపేశాం అన్నారు. ఈలోగా నేను రిటైరయ్యాను, మేడం బదిలీ అయింది, కమిటీలో మనుషులు మారారు. నేను మారలేదు. ఏటా ఒకటి రాశాను. ఏడో దరఖాస్తుకు కార్బన్ కాపీ జిరాక్స్, ఒక సాంచె ఫోటో, దాని కింద "ఇది సాంచె, ఇందులో వడ్లు పోయరాదు" అన్న వివరణ జతచేశాను. మా ఇంట్లోవాళ్లు ఆ చివరి వాక్యం తీసెయ్యమన్నారు. తీయలేదు.

ఇప్పటికీ బడుల నుంచి టీచర్లు ఫోన్ చేసి ఐటంల ఆలోచనలు అడుగుతారు. నోటుబుక్కు చూసి చెబుతాను. దానితోపాటు ఇది కూడా చెబుతాను. ఐటం పేరు రాశాక దాని కింద ఒక్క వాక్యంలో అది ఏమిటో రాయండి. మన ఊళ్లో అందరికీ తెలిసిన మాట యాభై కిలోమీటర్ల అవతల ఎవరికీ తెలియకపోవచ్చు. రకం అన్న గడిలో "ఆట" అని మాత్రం రాయకండి. అచ్చుకు పోయే ముందు టైపు చేసిన కాగితం ఒకసారి అడిగి చదవండి. చదివేది పేరున్న టీచర్ కాకున్నా ఫరవాలేదు, ఆ మాట తెలిసిన మనిషి అయితే చాలు.

మొన్న నాకు జవాబు వచ్చింది. దాంతో పాటు దిద్దిన సర్టిఫికెట్లు పన్నెండు. రవళి ఇప్పుడు కోరుట్లలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఆమె సర్టిఫికెట్, జవాబు ఫోటో రెండూ ఫోన్లో పంపాను. వెంటనే ఫోన్ చేసింది. సంతోషపడుతుందనుకున్నాను, నవ్వి నవ్వి మాట రావడం లేదు. "సార్, మీరు పేరు దిద్దింది సూశి ఆడ్నే ఆగిపోయినట్టున్నరు. కిందికి గూడ సదువుండ్రి" అన్నది. చదివాను. ఉన్నది ఉన్నట్టు కింద ఇస్తున్నాను.

"తమరి ఏడవ దరఖాస్తు అందినది. తమరు కోరిన విధముగా, మా రికార్డులందు మరియు ఈ ఉత్తరమునందు ఎక్కడెక్కడ 'సంచి' అను మాట తప్పుగా పడినదో అక్కడెల్లా 'సాంచె' అని సరిచేయడమైనది. సవరించిన సర్టిఫికెట్లు జతపరచడమైనది. ఇకపోతే, ఆ రోజు తమ పాఠశాల విద్యార్థినులకు ఇచ్చిన పన్నెండు గోనె సాంచెలు నేటి వరకు తిరిగి అందలేదు. సదరు సాంచెలను దుమ్ము దులిపి, మడతపెట్టి, వెంటనే పంపగలరు."